లాసాకి మోకాళ్ళ మీద

అందరికీ నమస్కారం. పోస్టర్ మీద ‘కాలచక్ర’ అన్న మాట చూసి ఆధ్యాత్మిక ప్రవచనం అనుకుని వచ్చినవాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. ముందు వరుసలో రుద్రాక్షలు కనిపిస్తున్నాయి కూడా. ముందే చెప్పేస్తున్నాను, ఇది ప్రవచనం కాదు. 1972లో జర్మనీలో ఇద్దరు మనుషులు తీసుకొచ్చిన ఒక ఎల్పీ రికార్డు, అంటే పాటల పెద్ద పళ్ళెం, దాని కథ. బ్యాండ్ పేరే కాలచక్ర. రికార్డు పేరు ‘క్రాలింగ్ టు లాసా’, అంటే టిబెట్ రాజధాని లాసాకి పాకుతూ అని.

ఆ ఇద్దరిలో ఒకరు క్లాస్ రౌషెన్‌బాఖ్. గిటారు, డప్పులు, మౌతార్గాన్, పాట ఆయన వంతు. రెండో ఆయన హైన్స్ మార్టిన్. ఈయన వాయించినవి లెక్కపెట్టడానికి చేతి వేళ్ళు చాలవు: ఎలక్ట్రిక్ గిటారు, ఫ్లూటు, వయొలిన్, చెల్లో, పియానో, వైబ్రఫోన్, సింథసైజర్, మన సన్నాయికి యూరప్ చుట్టం లాంటి ఒక ఊదే వాద్యం, వీటన్నిటి పైన సితార్. పెద్ద కంపెనీ అండ ఏదీ లేదు. కొద్ది కాపీలే అచ్చయ్యాయి కాబట్టి అసలు ప్రతి దొరికితే ఈరోజు పాత రికార్డులు పోగేసేవాళ్ళు ఆస్తులు రాసిచ్చేటట్టు ఉంటారు. నా దగ్గరున్నది తర్వాత వచ్చిన సీడీయే, ఆశపడకండి.

వాళ్ళ ఊరు డ్యూస్‌బుర్గ్. రైన్ నదిలో రూర్ నది కలిసే చోటు. ఉక్కు కొలుములు, బొగ్గు పడవలు, యూరప్‌లోకెల్లా పెద్ద నదీ రేవు. మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీనీ సింగరేణినీ ఒకే ఊళ్ళో పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాంటి చోట కూర్చుని ‘పాకుతూ లాసాకి’ అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌వాళ్ళకి ఆ పేరు వింతగా ఉండొచ్చు గానీ మనకి వింతేముంది? తిరుమల మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళు ఈ హాల్లోనే ఎంతమంది లేరు! టిబెట్‌లో యాత్రికులు వందల మైళ్ళు సాష్టాంగపడుతూ, లేస్తూ, మళ్ళీ పడుతూ లాసా చేరతారు. మన పొర్లుదండాల లాంటిదే. అయితే ఈ రికార్డు వచ్చేనాటికి చైనాలో సాంస్కృతిక విప్లవం నడుస్తోంది. లాసా బయటి యాత్రికులకు మూసేసిన ఊరు. జర్మనీ నుంచి వ్యాన్లేసుకుని ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా ఢిల్లీకీ ఖాట్మండుకీ వచ్చే హిప్పీలు వేలల్లో ఉన్నారు గానీ, ఆ దారి లాసా దాకా వెళ్ళదు. వెళ్ళలేని ఊరి పేరే పెట్టుకున్నారన్నమాట.

ఈ రికార్డులో సితార్ ఉన్న పాట పేరు ‘రాగా నంబర్ 11’. మొదటిసారి ఇంట్లో పెట్టినప్పుడు మా అమ్మమ్మ వంటగదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మనిషి. రెండు నిమిషాలు ఊరుకుంది. తర్వాత అక్కడినుంచే, “ఒరే, ఇంకా శ్రుతి చేసుకుంటున్నాడా, మొదలెట్టాడా?” అంది. మొదలెట్టాడమ్మమ్మా అన్నాను. ఇంకో నిమిషం ఆగి, “అయితే ఏ రాగం?” అంది. పదకొండో నంబర్ అట అని చెప్పాను. “కోకిలప్రియా? ఇదా?” అని పెద్దగా నవ్వింది.

ఆ జోకు నాకు అప్పుడు అర్థం కాలేదు. కర్ణాటక సంగీతంలో మనకున్న డెబ్భై రెండు మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, పదకొండోది కోకిలప్రియ. ‘కో, కి’ రెండూ క అక్షరాలే. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది లెక్కలో క అంటే ఒకటి. ఒకటి పక్కన ఒకటి, పదకొండు. పాపం ఆ ఇద్దరికీ ఈ లెక్కతో సంబంధం ఉండి ఉంటుందని నేను అనుకోను. యూరప్‌వాళ్ళకి సింఫనీలకు నంబర్లు వెయ్యడం అలవాటు. ఐదో సింఫనీ, తొమ్మిదో సింఫనీ. ఆ అలవాటులోనే రాగానికీ ఒక నంబర్ తగిలించి ఉంటారు.

అమ్మమ్మ నవ్వులో తప్పేం లేదు. సితార్‌లో తీగను పక్కకు లాగి స్వరాన్ని వంచడంలోనే సగం ప్రాణం ఉంటుంది. ఇక్కడ ఆ లాగడం చాలా తక్కువ. మెట్టు మీద వేలు పెట్టి మీటి వదిలేస్తున్నట్టే నా చెవికి వినిపిస్తుంది, గిటార్ చెయ్యి అది. ఇక్కడ రాగానికి నడక ఉండదు, వాది సంవాది అనే రెండు ముఖ్య స్వరాలూ లేవు. కచేరీ చెవితో వింటే మార్కులు పడవు. నేనూ మొదట్లో అలాగే విని పక్కన పడేశాను. చాలా రోజుల తర్వాత ఒక రాత్రి ఊరికే వింటే, వాళ్ళు మన రాగం వాయించాలని ప్రయత్నించడమే లేదని తోచింది. వాళ్ళకు కావలసింది అడుగున ఆగకుండా మోగే శ్రుతి ఒక్కటే. దాని మీద ఏం పెట్టినా నిలబడుతుందన్న ధైర్యం కోసం.

అసలు జర్మన్ జానపదం పాడుకోక వీళ్ళకి సితార్ ఎందుకు? ఇదే నన్ను బాగా పట్టుకున్న ప్రశ్న. వాళ్ళకి జానపద పాటలు లేక కాదు, బోలెడున్నాయి. కానీ ఆ పాటల్నే హిట్లర్ కాలంలో పిల్లల చేత యూనిఫారాలు వేయించి, వరసల్లో నిలబెట్టి పాడించారు. యుద్ధం తర్వాత పెరిగిన పిల్లలకి అమ్మానాన్నల పాట నోటికి వచ్చినా పాడబుద్ధి కాలేదు. 1964 నుంచి 1969 వరకు బుర్గ్ వాల్డెక్ అనే పాడుబడిన కోట దగ్గర పాటల జాతరలు జరిగేవి. అక్కడ పాడినవాళ్ళలో పేరున్న డేగెన్‌హార్ట్, మన పాత పాటలు చచ్చిపోయాయని ఏకంగా ఒక పాటే కట్టాడు. మనకి ఇది ఊహకందడం కష్టం. ఒక ఉయ్యాల పాటో నాట్ల పాటో పాడటానికి సిగ్గుపడాల్సిన రోజు మనకి రాలేదు. ఇంట్లో పాట పాడలేని జానపద గాయకుడు పక్కింటికి వెళ్తాడు, లేదా ఇంకా దూరం వెళ్తాడు.

అదే డ్యూస్‌బుర్గ్‌లో బ్రోజెల్‌మషీనె అనే మరో బ్యాండ్ 1971లోనే ఒక రికార్డు తెచ్చింది. అందులోనూ సితార్ ఉంది, తబలా ఉంది, బ్రిటన్ జానపదం ఉంది. విడుదల చేసిన లేబుల్ పేరు పిల్జ్, అంటే పుట్టగొడుగు. ఆ పుట్టగొడుగులు కూరకు పనికొచ్చేవేనా అని అడక్కండి. ఆ బ్యాండ్‌లో సితార్ పట్టిన పీటర్ బుర్ష్ తర్వాత గిటార్ పాఠాల పుస్తకం రాసి, దేశంలో ఒక తరానికి గిటార్ మాస్టారయ్యాడు. ఆ సంగీతం అందంగా, పొందిగ్గా ఉంటుంది. కాలచక్ర అలా ఉండదు. గరుగ్గా, చీకటిగా, కొంచెం భయపెట్టేలా ఉంటుంది. నాకు అదే ఇష్టం.

నిజంగా నేర్చుకున్నవాళ్ళూ లేకపోలేదు. మ్యూనిక్ బ్యాండ్ ఎంబ్రియో 1978లో బస్సుల్లో బయలుదేరి ఆఫ్ఘనిస్తాన్ మీదుగా ఇండియాకి వచ్చింది. బెంగుళూరులో టి.ఎ.ఎస్. మణి మృదంగంతోనూ, రమామణి గాత్రంతోనూ కలిసి వాయించి రికార్డు చేసింది. వాళ్ళు గురువుల దగ్గర కూర్చున్నారు, తాళం లెక్క తప్పదు. ఆ సంగీతం మీద నాకు గౌరవం ఎక్కువ. అయినా అర్ధరాత్రి చెయ్యి వెళ్ళేది మాత్రం ఈ లెక్క తప్పే రికార్డు మీదికే.

ఇక మన ఊసు ఒకటుంది, చెప్పకపోతే నిద్రపట్టదు. కాలచక్ర అనే బౌద్ధ తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటక స్తూపం దగ్గర అని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. ధాన్యకటకం అంటే మన అమరావతే. అందుకే 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి కృష్ణ ఒడ్డుకు వచ్చారు. మెరూన్ రంగు వస్త్రాల్లో ఉన్న భిక్షువులతో ఆ ఊరంతా నిండిపోయిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. ఇంకో సంగతి. లాసాకి పశ్చిమాన శివార్లలో డ్రెపుంగ్ అని పెద్ద మఠం ఉంది, 1416లో కట్టింది. టిబెటన్‌లో ఆ మాటకి వడ్ల రాశి అని అర్థం. ధాన్యకటకం అన్న పేరునే వాళ్ళ భాషలోకి మార్చుకుని పెట్టుకున్నారు. ఆ ఇద్దరు డ్యూస్‌బుర్గ్‌వాళ్ళు నిజంగానే పాకుతూ వెళ్ళి ఉంటే, ఊరి పొలిమేరలోనే మన గుంటూరు పక్క ఊరి పేరు ఎదురయ్యేది.

సరే, మాటలు చాలు. మొదటి పాట వేస్తాను. పేరు ‘నియర్‌బై షిరాస్’, షిరాజ్ దగ్గర అని. ఇంగ్లిష్‌లో ‘నియర్‌బై’ స్పెల్లింగ్ అక్షరాలు అటూ ఇటూ అయి తప్పుగానే అచ్చయింది, అలాగే ఉండిపోయింది. తొమ్మిది నిమిషాలు ఉంటుంది. మధ్యలో కరెంటు పోయిందనుకుని ఎవరూ లేవకండి, అది అలాగే ఉంటుంది. బాబూ, ఆ రెండు ఫ్యాన్లు ఆపెయ్. గుసగుసలున్నాయి, ఫ్యాన్ హోరులో వినపడవు.