చెవిపోటు, కర్ణభేరి

శ్రోతలకు నమస్కారం.

చెవిపోటు పగలు ఓ మోస్తరుగా ఉండి, రాత్రి తల దిండుకు ఆనించగానే విజృంభిస్తుంది. పడుకుంటే చెవి లోపల ఒత్తిడి పెరుగుతుంది మరి. చాలాసార్లు ఆ పోటు పుట్టేది చెవి రంధ్రం లోపలి చివర ఉండే పొర, అంటే కర్ణభేరి దగ్గరే.

దాని పేరు కొండంత, ఒళ్లు గోరంత. వెడల్పు సెంటీమీటరుకు అటూ ఇటూగా, మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఆ పలుచని పొరలోనే మూడు వరసలు. డాక్టరు చెవి లోపల చూసే దీపం పరికరం, ఆటోస్కోపుతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యం రంగులో, ఒక మూల చిన్న వెలుగు చీలికతో మెరుస్తుంది. వాచినప్పుడు ఎర్రబడి ఉబ్బుతుంది, ఆ మెరుపు పోతుంది.

జలుబు చేసినప్పుడు ముక్కు వెనకనుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం మూసుకుపోయి, కర్ణభేరి వెనక ఉండే మధ్యచెవిలో చీము పట్టడం మామూలుగా జరిగేది. పిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి వాళ్లకే ఈ బాధ ఎక్కువ. కొన్నిసార్లు కర్ణభేరి మీదే నీటిబొబ్బలు లేస్తాయి. నొప్పి ఉన్నట్టుండి వచ్చి ప్రాణం తోడేస్తుంది. అవి చితికితే రక్తం కలిసిన నీరు కారుతుంది.

మొదట తగ్గించాల్సింది నొప్పిని. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ వంటివి వయసుకూ బరువుకూ తగిన మోతాదులో వాడతారు. పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం వద్దు. బాక్టీరియా వల్ల అనిపిస్తే అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తారు. వైరస్ అయితే దానితో పని లేదు. నొప్పి మరీ భరించలేకపోతే నిపుణులు బొబ్బను సన్నగా చీల్చి నీరు తీస్తారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రాత్రంతా ఏడ్చిన పిల్లాడు తెల్లారేసరికి హాయిగా నిద్రపోతాడు, దిండు మీద చీము మరక ఉంటుంది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటారు. నిజానికి కర్ణభేరికి చిల్లు పడి ఒత్తిడి దిగింది, అంతే! అప్పుడు నూనెగానీ, ఇంట్లో మిగిలిన చుక్కల మందుగానీ వేస్తే అది నేరుగా మధ్యచెవిలోకి పోతుంది. చిల్లు ఉన్న చెవికి కొన్ని మందులు వినికిడినే దెబ్బతీయగలవు. అందుకే చెవి చూడకుండా చుక్కలు వేయకూడదని నేను గట్టిగా చెబుతాను. ఇయర్ బడ్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా!

చెవి వెనక వాపు, మూతి వంకర పోవడం, కళ్లు తిరగడం, తగ్గని జ్వరం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

చిల్లు సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది. అందాకా స్నానం చేసేటప్పుడు వాజలిన్ రాసిన దూది చెవికి అడ్డం పెట్టుకోవాలి, ఈత మానాలి. నొప్పి లేదు కదా అని రెండోసారి చూపించుకోవడం మానేయకండి. ఆ వెలుగు చీలిక మళ్లీ మెరుస్తోందా లేదా అని డాక్టరు చూసేది అప్పుడే.