ఇరవై అయిదు మీటర్ల పెరడు

సభకు నమస్కారం.

కెప్టెన్ టామ్ మూర్ అనగానే, కరోనా రోజుల్లో ఆసుపత్రుల సేవానిధుల కోసం నడిచి చందాలు పోగుచేసిన ఆ బ్రిటిష్ మాజీ సైనికుణ్ణి 2020 ఏప్రిల్‌లో టీవీలో చూసిన దృశ్యమే చాలామందికి గుర్తొస్తుంది. కోటు మీద మూడు పతకాలు, చేతుల్లో చక్రాల వాకర్, ఇంటి పెరట్లో నడక. ఆ నడక అంత దూరం ఎలా వెళ్లిందో తెలియాలంటే దాని వెనకున్న తొంభై తొమ్మిదేళ్లు కూడా చూడాలి.

ఆయన 1920 ఏప్రిల్ 30న ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని కీత్లీ అనే ఊళ్లో పుట్టారు. సివిల్ ఇంజనీరింగ్‌లో అప్రెంటిస్‌గా ఉండగా 1940లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్స్ రెజిమెంట్‌లో చేరి, మరుసటి ఏడాదికి ఆఫీసరయ్యారు. తర్వాత పోస్టింగు మన దేశానికే. మోటార్‌సైకిలంటే ప్రాణం కాబట్టి, ఇక్కడ సైనికులకు అది నడపడం నేర్పే పని ఆయనకే అప్పజెప్పారు.

అక్కణ్ణుంచి బర్మాలో జపాన్‌తో పోరాడిన బ్రిటిష్ పధ్నాలుగో సైన్యంతో పశ్చిమ బర్మాలోని అరకాన్‌కు వెళ్లారు. ఆ పేరు మన కోస్తా జిల్లాలకు కొత్త కాదు. రంగూన్‌లో కూలి చేసుకుని బతికిన మనవాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు. 1942లో జపాన్ సైన్యం తరుముకొస్తే వాళ్లలో ఎందరో అరకాన్ కొండల మీదుగా కాలినడకన వచ్చారు. ఆ నడకకు కెమెరాలూ లేవు, చందాలూ లేవు. అది వేరే సభలో మాట్లాడుకోవలసిన కథ. మూర్‌కు ఆ అడవుల్లోనే డెంగీ వచ్చి తగ్గింది. 1945 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ తిరిగి వెళ్లి చర్చిల్ అనే యుద్ధ ట్యాంకుల తనిఖీ నేర్చుకుని, అక్కడే బోధకుడిగా ఉండిపోయారు.

యుద్ధం తర్వాత ఆయనది మామూలు సంసారి జీవితం. అమ్మకాల ఉద్యోగం చేశారు, తర్వాత కాంక్రీటు సామగ్రి కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరయ్యారు. మొదటి పెళ్లి నిలవలేదు. 1968లో పమేలాను చేసుకున్నారు, ఇద్దరు కూతుళ్లు. పమేలాకు మతిమరుపు జబ్బు ముదిరి సంరక్షణ కేంద్రంలో చేర్చాక, రోజూ వెళ్లి కూర్చునేవారు. 2006లో ఆమె పోయారు. ఇంకో సంగతి, పాత రెజిమెంటు మిత్రుల వార్షిక కలయికను అరవై ఏళ్లకు పైగా ఆయనే నిర్వహించారు. ఏటేటా చిరునామాలు సరిచూసుకోవడం, ఉత్తరాలు రాయడం, వచ్చేవాళ్ల సంఖ్య తగ్గుతున్నా మానకపోవడం. నన్నడిగితే పతకాల కంటే ఇదే బరువైనది.

2018లో వంటింట్లో పడి తుంటి విరిగింది. వాకర్ అప్పుడు వచ్చింది. కరోనా రోజుల్లో, నూరో పుట్టినరోజు లోపు వంద చుట్లు తిరగాలనుకున్నారు. చుట్టు 25 మీటర్లు, మొత్తం రెండున్నర కిలోమీటర్లు. రోజుకు పది చుట్లు, అంటే 250 మీటర్లు. చందాల లక్ష్యం వెయ్యి పౌండ్లు. ఏప్రిల్ 6న మొదలై, 16న వందో చుట్టు పూర్తయింది. సైనికులు దూరం పాటిస్తూ వరసగా నిలబడి గౌరవవందనం చేశారు. ఆయన అక్కడితో ఆగలేదు, మరో వందకు బయల్దేరారు. పుట్టినరోజు నాటికి దాదాపు 3 కోట్ల 28 లక్షల పౌండ్లు వచ్చాయి. ఇచ్చినవాళ్లు సుమారు 15 లక్షల మంది, అంటే సగటున తలా 22 పౌండ్లు. కోటీశ్వరుల డబ్బు కాదది.

ఇది విని రేపే వాకర్ పట్టుకుని బయల్దేరే పెద్దవాళ్లకు ఒక మాట. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. ఎత్తెక్కువైతే భుజాలు పైకి లేస్తాయి, తక్కువైతే నడుం వంగుతుంది. వాకర్‌ను ముందుకు తోసేసి వెనక నడిస్తే పడతారు. రెండు చక్రాల మధ్యలోనే నడవాలి. ఎక్కువగా తూలేది మలుపు దగ్గర, కాబట్టి అక్కడ చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. కూర్చునే ముందు బ్రేకు వెయ్యాలి. నాచు పట్టిన గచ్చు మీద అసలు వద్దు.

ఇక డబ్బు. అది నిధుల సేకరణ సైటు ద్వారా 'ఎన్‌హెచ్‌ఎస్ చారిటీస్ టుగెదర్' అనే సంస్థకు వెళ్లింది (ఎన్‌హెచ్‌ఎస్ అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ). ఆసుపత్రులకు అనుబంధంగా ఉన్న సేవానిధులకు ఆ సంస్థ పంచింది. కుటుంబం చేతికి రాలేదు. అక్కడి చట్టంలో 'గిఫ్ట్ ఎయిడ్' ఉంది: పన్ను కట్టేవాడు పౌండు ఇస్తే, సర్కారు నుంచి సేవాసంస్థకు ఇంకో 25 పెన్నీలు వస్తాయి. అలా పైన మరో 60 లక్షల పౌండ్ల దాకా చేరాయి.

2020 జులై 17న విండ్సర్ కోటలో రాణి ఆయనకు 'సర్' బిరుదిచ్చారు. మోకరిల్లలేరు కాబట్టి వాకర్ పట్టుకుని నిలబడే అందుకున్నారు. 2021 ఫిబ్రవరి 2న న్యుమోనియాతో, కోవిడ్‌తో కన్నుమూశారు.

ఆయన పేరున విడిగా పెట్టిన ఫౌండేషన్ సంగతి దాచకూడదు. దాన్ని నడిపిన కుటుంబ సభ్యులు సొంత లాభాన్నీ సంస్థ వ్యవహారాన్నీ కలిపేశారని, అక్కడి సేవాసంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ విచారణ జరిపి, 2024 నవంబరు నివేదికలో తప్పుపట్టింది. సంస్థ పేరు వాడుకుని దరఖాస్తు చేసి, ఇంటి ఆవరణలో అనుమతికి మించి కట్టిన భవనాన్ని అంతకు ముందే కూల్చాల్సి వచ్చింది. చిక్కంతా ఒకే ఇంటివాళ్లు నిర్ణయాలు తీసుకోవడంలో, ఎవరి ఖాతా ఏదో గీత గీయకపోవడంలో ఉంది. పెరట్లో నడిచి తెచ్చిన సొమ్ము మాత్రం ఆ గీతకు అవతల, మొదటి రోజు నుంచే వేరే సంస్థ లెక్కల్లో ఉంది. విచారణ దాని జోలికి పోలేదు.