లెర్ప్‌లో మూడో సంఖ్య

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకూ, ల్యాప్‌టాప్‌లు తెరిచి కూర్చున్న పిల్లలకూ. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో వస్తువుల కదలిక గురించి చెప్పమన్నారు. స్ప్లైన్లూ యానిమేషన్ కర్వులూ ఇవాళ పక్కన పెడతాను. ఒక్క కోడ్ లైను గురించి చెప్పి తీరాలి. ఎంతో కష్టపడి చేసిన గేములు ఆ లైను దగ్గరే చెడుతున్నాయి.

లెర్ప్ అంటే రెండు చోట్ల మధ్య ఒక చోటును లెక్కగట్టే ఫంక్షన్. దానికి మూడు ఇస్తాం: మొదలు, చివర, టీ అనే సంఖ్య. టీ 0 అయితే మొదట్లో, 1 అయితే చివర్లో, 0.25 అయితే పావు దారిలో. అంతే. దానికి కాలం తెలీదు, వేగం తెలీదు.

రెండు సెకన్లలో తెరుచుకోవాల్సిన తలుపు ఉందనుకోండి. బయల్దేరిన చోటు ముందే దాచుకోండి. ఫ్రేము ఫ్రేముకీ, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, డెల్టాటైమ్ (కిందటి ఫ్రేము నుంచి గడిచిన సెకన్లు) కూడుతూ, ఆ మొత్తాన్ని 2తో భాగిస్తే వచ్చేదే టీ. 1 దాటగానే తలుపును సరిగ్గా చివరి చోట పెట్టి ఆపేయండి. మెత్తగా కదిలి మెత్తగా ఆగాలంటే టీ × టీ × (3 − 2 × టీ) వాడండి. అప్పుడు పావు సమయానికి తలుపు పావు వంతు తెరుచుకోదు, 0.156 వంతే తెరుచుకుంటుంది.

ఇక ఆ లైను. మొదలుగా వస్తువు ఇప్పుడున్న చోటే ఇచ్చి, మూడోది 0.1 అని రాసేస్తారు. అంటే ప్రతి ఫ్రేములో మిగిలిన దూరంలో పదో వంతు. కెమెరా గమ్యానికి 100 మీటర్ల దూరంలో ఉంటే, సెకనుకి 60 ఫ్రేముల మెషీన్లో ఒక సెకను తర్వాత 18 సెంటీమీటర్లు మిగులుతుంది. 30 ఫ్రేముల ఫోన్లో 4.2 మీటర్లు! చవక ఫోను కొన్నవాడు ఏం పాపం చేశాడండీ? అతని చేతిలో ఉన్నది వేరే గేమే కదా.

డెల్టాటైమ్‌తో గుణించాం కదా అంటారు. మూడోదిగా 5 × డెల్టాటైమ్ ఇస్తే కొంత నయం, అయినా సరికాదు. ఒక ఫ్రేము పావు సెకను ఆగిందంటే 1.25 వస్తుంది. యూనిటీ దాన్ని 1కి కుదిస్తుంది, కెమెరా ఒక్క గెంతులో చివరికి చేరుతుంది. సొంతంగా రాసుకున్న లెర్ప్ అయితే గమ్యం దాటిపోతుంది.

సరైనది 1 − ఎక్స్‌ప్(−5 × డెల్టాటైమ్). ఎక్స్‌ప్ అంటే e అనే సంఖ్యకి ఘాతం. గమ్యం కదలకుండా ఉంటే 30 ఫ్రేములైనా 144 అయినా సెకను తర్వాత మిగిలేది 0.67 శాతమే.

బాబూ, వెనక వరసలో వాళ్లు కూడా, ఇప్పుడే మీ ప్రాజెక్టులో లెర్ప్ అని వెతకండి. మూడోది ఉత్త సంఖ్యగా కనిపిస్తే టార్గెట్ ఫ్రేమ్‌రేట్ ఒకసారి 30, ఒకసారి 60 పెట్టి ఆడించండి. ముందు వీసింక్ కౌంట్ (ఫ్రేములను తెర రిఫ్రెష్‌తో కట్టే సెట్టింగు) 0 చేయండి, లేకపోతే డెస్క్‌టాప్‌లో ఆ ఫ్రేమ్‌రేటును యూనిటీ పట్టించుకోదు.