గిన్నె నిండా నీళ్లున్నా కోడి తాగుతోందా?

[దృశ్యం: గిన్నె దగ్గర ఒక పెట్ట. ముక్కు నీటిలో మునగడం, తల పైకి లేవడం దగ్గరగా, నెమ్మదిగా చూపాలి.]

ఈ పెట్ట నీళ్లు తాగే తీరు చూడండి. ముక్కు ముంచి కాసిన్ని అందుకుంటుంది, తల పైకెత్తి గొంతులోకి జార్చుకుంటుంది. పావురంలా ముక్కు ముంచి ఉంచి ఏకధాటిగా పీల్చుకోవడం కోడికి చేతకాదు. దాహం తీరాలంటే పదే పదే వంగి లేవాల్సిందే. మధ్యలో ఇంకో కోడి తరిమిందా, సగం దాహంతోనే పక్కకు తప్పుకుంటుంది. సాయంత్రం గిన్నెలో నీళ్లు మిగిలాయని చూసి నిశ్చింతగా ఉండకండి. అవి ఎందుకు మిగిలాయో కనుక్కోండి.

[దృశ్యం: కొలత గీతలున్న జగ్గుతో నీళ్లు పోయడం.]

పొద్దున కొలిచి పోయండి, సాయంత్రం మిగిలినవి కొలవండి. తేడాను కోళ్ల సంఖ్యతో భాగించండి. మామూలు వాతావరణంలో గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు పావు లీటరు నుంచి అర లీటరు తాగుతుంది. ఎండలు ముదిరితే ఇది రెట్టింపు కావచ్చు. ఒలికినవీ ఈ లెక్కలోకే వస్తాయి కాబట్టి ఒక్కరోజు అంకెను పట్టుకోకుండా వారం పాటు రాసుకోండి. మీ కోళ్లకు మామూలు ఎంతో తేలుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి తగ్గితే ఏదో తేడా ఉన్నట్టే. జబ్బు చాలాసార్లు ఇక్కడే ముందుగా బయటపడుతుంది.

ఇంత పట్టింపు దేనికంటే, గుడ్డులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. మెడ కింది సంచిలో దాణా నానడానికీ నీరే కావాలి. పైగా కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, ఊపిరితో తేమను బయటికి వదిలి ఒళ్లు చల్లబరచుకుంటుంది. అలా పోయిన నీరు మళ్లీ ఒంట్లోకి చేరకపోతే గుడ్ల మాట అటుంచి, ప్రాణం మీదికే వస్తుంది.

[దృశ్యం: ఎండలో ఉన్న గిన్నెలో వేలు ముంచడం. తర్వాత నీడలో ఉన్న గిన్నె.]

వేడెక్కిన నీళ్లంటే కోళ్లకు గిట్టదు. ఎక్కువ తాగాల్సిన మిట్టమధ్యాహ్నమే ముఖం తిప్పేసుకుంటాయి. గిన్నెను నీడలో పెట్టి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు మార్చండి. చాలామంది వదిలేసే పని ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. గడ్డకట్టే చలి ఉన్నచోట పొద్దున్నే మంచు తీసి కొత్త నీళ్లు పోయాలి.

[దృశ్యం: పెద్ద పెట్ట గిన్నెకు కాపలాగా నిలబడి ఉంటుంది. చిన్నది దూరంగా తచ్చాడుతూ ఉంటుంది.]

ఈ చిన్నదాన్ని గమనించండి. రెండడుగులు ముందుకు వేసి, పెద్దది మెడ చాచగానే వెనక్కి తగ్గింది. మందలో పెత్తనం చేసే కోడి ఉంటే బలహీనమైనవి ఇలాగే ఎండిపోతాయి. రెండో గిన్నె పెట్టండి, అదీ మొదటిదాని దగ్గర నుంచి కనబడని చోట. ఒకే కోడి రెండింటికీ కాపలా కాయలేదు కదా!

గిన్నె అంచు కోడి వీపు ఎత్తులో ఉంటే కాళ్లతో మట్టి, రెట్టలు పడేయడం తగ్గుతుంది. కోడిపిల్లలకు మాత్రం లోతులేని పళ్లెమే పెట్టి, అందులో గులకరాళ్లు వేయండి, మునిగిపోకుండా ఉంటాయి. కొత్తగా తెచ్చిన పిల్లల ముక్కు కొసను ఒకసారి నీటిలో తాకిస్తే తాగడం తెలుసుకుంటాయి.

[దృశ్యం: గిన్నె లోపలి గోడను వేలితో రుద్దడం.]

వేలికి జిగురుగా తగిలిందా? అది సూక్ష్మజీవుల పొర. నీళ్లు మార్చినంత మాత్రాన పోదు, రోజూ తోమి కడగాలి. కోళ్ల నీళ్లలో వెనిగర్ కలిపే అలవాటుంటే, జింకు పూత ఉన్న ఇనుప తొట్టిలో మాత్రం కలపకండి, ఆ పులుపుకు పూత కరిగి నీళ్లలోకి దిగుతుంది. నిపుల్ గొట్టాలు, అంటే కోడి ముక్కుతో నొక్కితే చుక్కలుగా నీళ్లు వచ్చే గొట్టాలు వాడేవారు ప్రతి నిపుల్‌నూ నొక్కి చుక్క వస్తోందో లేదో చూడాలి.

[దృశ్యం: రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పుతున్న కోడి.]

కోడి నీరసంగా, జుట్టు వాడిపోయి ఇలా కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి చల్లటి నీళ్లు ముందు పెట్టండి. నీళ్లు బలవంతంగా నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ముక్కు కొసను తడిపి, తనంతట తాగనివ్వండి. అప్పటికీ తాగకపోతే ఆలస్యం చేయకుండా పశువైద్యులకు చూపించండి.