వాకింగ్ చేస్తున్నా కదా, బీపీ బిళ్ళ ఆపేయొచ్చా?

మా బాబాయికి 71. మొన్న పొద్దున్నే ఫోన్, "ఒరేయ్, 128 వచ్చిందిరా, వాకింగ్ పనిచేసింది, బిళ్ళ ఆపేశా" అని. బాబాయ్, ఆ 128 బిళ్ళ వేసుకుంటూ నడిస్తే వచ్చింది! రెండు వారాలకి 164. ఈ మాట ఇంటింటా వింటున్నా, చిరాకొచ్చి వీడియో చేస్తున్నా.

పొలంలో మోటారు పైపు గుర్తు తెచ్చుకోండి. కొత్త రబ్బరు పైపు నీళ్ళు కొట్టగానే కాస్త సాగి ప్రెజర్ మింగేస్తుంది. నాలుగేళ్ళు ఎండలో పడున్నది చెక్కలా బిగుసుకుపోతుంది, మోటారు అదే, ప్రెజర్ మాత్రం పైకి. పెద్దాళ్ళ రక్తనాళాలు అంతే, అందుకే వాళ్ళకి పై నంబరే ఎక్కువ పెరుగుతుంది.

ఇప్పుడు బిళ్ళలు. ఆమ్లోడిపిన్ పైపు వెడల్పు చేస్తుంది, నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) పైపులో నీళ్ళు తగ్గిస్తుంది, బీటా బ్లాకర్ మోటారునే, అంటే గుండెనే, నెమ్మది చేస్తుంది. నడకేమో పైపుని మెల్లగా మెత్తబరుస్తుంది, నెలలు పడుతుంది, మానేస్తే వారాల్లో మళ్ళీ బిగుసుకుంటుంది (పైపుకి మోకాళ్ళ నొప్పులుండవు, మనకుంటాయి, అదీ లెక్కే).

"వ్యాయామం మందుతో సమానమట" అని ఫార్వర్డ్ చేస్తారే, ఆ మాట 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన స్టడీది. 391 ట్రయల్స్, దాదాపు 40 వేల మంది. మొత్తమ్మీద చూస్తే మందులే ఎక్కువ దించాయి, పై నంబరు 140 దాటినవాళ్ళని విడిగా చూస్తేనే తేడా కనపడలేదు. పైగా వ్యాయామం ట్రయల్స్ 197లో అలాంటివాళ్ళున్నవి 56 మాత్రమే, రెంటినీ ఎదురెదురుగా పెట్టి పోల్చిందీ లేదు. దీన్ని చూసి బిళ్ళలు ఆపొద్దని రాసినవాళ్ళే చెప్పారు, ఫార్వర్డ్‌లో ఆ లైనుండదు! అటు 80 దాటినవాళ్ళ మీద 2008లో వచ్చిన హైవెట్ ట్రయల్‌లో బిళ్ళ వేసుకున్నవాళ్ళలో మరణాలు 21 శాతం తగ్గాయి. మరి నడక దండగా? కాదు, బిళ్ళా నడకా రెండూ కావాలి, బాగా తగ్గితే డోసు తగ్గించేది డాక్టరు, మనం కాదు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. నడకతో పాటు బీపీకి పనికొచ్చే ఇంకో వ్యాయామం: కుర్చీ లేకుండానే, గోడకి వీపు ఆనించి కుర్చీలో ఉన్నట్టు కూర్చోవడం, రెండు నిమిషాలు, నాలుగుసార్లు, మధ్యలో రెస్ట్, మోకాళ్ళు ఒప్పుకుంటేనే, ఊపిరి బిగబట్టొద్దు. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి. లేవగానే కళ్ళు తిరిగితే నిలబడి కూడా బీపీ చూపించుకోండి, డోసు ఎక్కువైందేమో. ఆవకాయలో ఉప్పు సంగతి వచ్చే వీడియోలో, అమ్మ ఒప్పుకుంటే.