భూమి తిరగడానికి ఇంధనం ఎక్కడిది?

నమస్కారం. 2023 ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగుతుంటే మనలో చాలామంది టీవీల ముందే ఉన్నాం. పన్నెండు రోజులు తిరిగేసరికి, సెప్టెంబర్ 4న, ఇస్రో దాన్ని నిద్రపుచ్చింది. అప్పటికి అది బాగానే పనిచేస్తోంది. కానీ అక్కడ పొద్దు వాలుతోంది. చంద్రుడి మీద ఒక పగలంటే మన లెక్కలో దాదాపు 14 రోజులు. ఆ తర్వాత వచ్చే రాత్రి కూడా అంతే. ఆ రాత్రి చలి మైనస్ 200 డిగ్రీల దాకా వెళ్తుంది. మళ్లీ తెల్లవారాక పిలిచి చూశారు. విక్రమ్ పలకలేదు.

అంటే ఆ మిషన్ ఎన్ని రోజులు నడవాలో తేల్చింది చంద్రుడి నిదానమే. తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి చంద్రుడికి 27 రోజుల పైన పడుతుంది. గురుగ్రహానికి పది గంటలు కూడా పట్టదు. శుక్రుడికి 243 రోజులు, అదీ వెనక్కి! ఇంతింత బరువైన గోళాలను కోట్ల ఏళ్లుగా తిప్పుతున్నదేమిటి? ఇంజిన్ లేదు, ఇంధనం లేదు. మరి ఎందుకు ఆగిపోవడం లేదు? నాకు చాలా ఇష్టమైన సందేహం ఇది. ఇవాళ దీని గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం.

కరెంటు పోయినప్పుడు సీలింగ్ ఫ్యాన్‌ని ఒకసారి గమనించండి. వెంటనే ఆగదు. కాసేపు తిరిగి, మెల్లగా నెమ్మదించి, అప్పుడు ఆగుతుంది. ఆపింది ఎవరు? రెక్కలకు అడ్డొచ్చే గాలి, లోపల బేరింగ్‌లో రాపిడి. కరెంటు ఉన్నంతసేపు మోటారు పడే కష్టమంతా ఈ రెండింటితోనే. ఇలాంటివే చూసి చూసి, తిప్పేవాడు లేకపోతే ఏదైనా ఆగాల్సిందే అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. భూమికి బేరింగ్ లేదు. గాలి ఉంది కానీ అది భూమితో పాటే తిరుగుతోంది. దాని బయట ఉన్నది దాదాపు శూన్యం. ఆపేవాళ్లు లేనప్పుడు తిప్పేవాళ్ల అవసరం కూడా ఉండదు. తిరుగుతున్నది తిరుగుతూనే ఉంటుంది.

ఈ తిరుగుడును మన ఇస్రో రోజూవారీ పనిలో వాడుకుంటుంది కూడా. శ్రీహరికోట దగ్గర నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. కమ్యూనికేషన్ ఉపగ్రహాల రాకెట్లను బంగాళాఖాతం మీదుగా తూర్పు వైపు వదిలితే, ఆ వేగం వాటికి ముందే వచ్చేసి ఉంటుంది. తూర్పు తీరంలో కేంద్రం పెట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

సరే, మొదట ఈ తిరుగుడు ఎలా మొదలైంది? సుమారు 460 కోట్ల ఏళ్ల కింద ఇక్కడ ఉన్నది ఒక పెద్ద వాయువు, ధూళి మేఘం. అందులో ఒక్కో భాగం ఒక్కో దిక్కుకు కదులుతోంది. ఆ కదలికలన్నీ కూడితే సరిగ్గా సున్నా రావడం దాదాపు అసాధ్యం. ఏదో ఒక వైపుకు కాస్తంత తిరుగుడు మిగులుతుంది. ఆ మేఘం తన బరువుకు తనే కుంచించుకుపోయింది. ఇక్కడ ప్రకృతి చాలా కచ్చితంగా పాటించే నియమం ఒకటి ఉంది: బయటి నుంచి ఎవరూ మెలితిప్పనంతవరకు ఒక వ్యవస్థ మొత్తం కోణీయ ద్రవ్యవేగం, అంటే బరువు, సైజు, తిరిగే వేగం మూడూ కలిసిన తిరుగుడు లెక్క, మారదు. సైజు సగమైతే తిరిగే వేగం నాలుగు రెట్లవుతుంది. పదో వంతైతే వంద రెట్లు. మొదట ఉన్నది లేశమంతే అయినా, కుదించుకుపోయేసరికి అది పెద్ద సుడి అయ్యింది. మధ్యలో సూర్యుడు, చుట్టూ చదునైన పళ్లెంలాంటి వలయం, అందులోంచి గ్రహాలు. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ ఒకే దిక్కుకు ఎందుకు వెళ్తున్నాయన్నదానికి జవాబు ఇదే. శుక్రుడి కథ మాత్రం వేరు. పెద్ద ఢీకొట్టుడు వల్లనో, దట్టమైన వాతావరణం మీద సూర్యుడి లాగుడు వల్లనో తిరగబడి ఉంటాడని రెండు వాదనలున్నాయి, ఇంకా తేలలేదు.

కొంతమంది సూర్యుడి ఆకర్షణే భూమిని తిప్పుతోందనుకుంటారు. అలా కాదు. నున్నగా గుండ్రంగా ఉన్న వస్తువును గురుత్వం ఎంత బలంగా లాగినా అది తన వైపుకు వస్తుందే తప్ప గిర్రున తిరగదు. మెలితిప్పాలంటే పట్టు దొరకాలి. ఎక్కడో ఒక ఉబ్బు ఉండాలి. చంద్రుడికి మన భూమి మీద ఆ పట్టు దొరికింది. అదే సముద్రపు పోటు.

ఇది కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే ఈ వీడియోలో అసలు విషయం ఇదే. చంద్రుడు తనకు దగ్గరగా ఉన్న వైపును ఎక్కువగా, అవతలి వైపును తక్కువగా లాగుతాడు. దాంతో రెండు వైపులా నీళ్లు ఉబ్బుతాయి. చంద్రుడు భూమిని చుట్టి రావడానికి 27 రోజులు తీసుకుంటే, భూమి ఒక్క రోజులో తిరిగేస్తుంది. ఆ తొందరలో ఉబ్బును తనతో పాటు కొంచెం ముందుకు లాక్కుపోతుంది. అది చంద్రుడి కిందే ఉండకుండా, కాస్త ముందుకు జరిగి ఉంటుంది. చంద్రుడు ఆ ఉబ్బును వెనక్కి లాగుతాడు. అది భూమికి బ్రేకు. అదే సమయంలో ఆ ఉబ్బు చంద్రుడిని ముందుకు లాగుతుంది. దాంతో అతని కక్ష్య పెద్దదవుతుంది. భూమి పోగొట్టుకున్న తిరుగుడు ఎక్కడికీ మాయం కాలేదు, చంద్రుడి కక్ష్యలోకి చేరింది. శక్తిలో ఎక్కువ భాగం మాత్రం సముద్రాల్లో, ముఖ్యంగా లోతు తక్కువ చోట్ల, నీటి రాపిడి వల్ల వేడిగా పోతుంది. ఆటుపోట్లు భూమిని నెమ్మదింపజేస్తాయని 1754లోనే జర్మన్ తత్వవేత్త కాంట్ ఊహించాడు.

ఇప్పుడది ఊహ కాదు, కొలత. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద ఒక అద్దాల పలక పెట్టి వచ్చారు. ఇక్కడి నుంచి లేజర్ కొడితే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది. ఆ కాలాన్ని బట్టి లెక్క కడితే చంద్రుడు ఏడాదికి సుమారు 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. విక్రమ్ మీద కూడా నాసా ఇచ్చిన అలాంటి చిన్న పరికరం ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు. 2023 డిసెంబర్ 12న, విక్రమ్ మూగబోయిన తర్వాత, చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక ఎల్ఆర్ఓ లేజర్ పంపితే వెలుగు తిరిగొచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

మరి మన రోజు ఎంత పెరుగుతోంది? వందేళ్లకు సుమారు 1.8 మిల్లీసెకన్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ తేడా ప్రతి రోజూ పోగవుతూ ఉంటుంది. క్రీస్తుపూర్వం 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించిందని అక్కడివాళ్లు మట్టి పలకల మీద రాసుకున్నారు. భూమి ఎప్పుడూ ఇవాల్టి వేగంతోనే తిరిగిందనుకుని వెనక్కి లెక్కేస్తే, ఆ గ్రహణపు నీడ బాబిలోన్‌కు దాదాపు 49 డిగ్రీలు పడమరగా పడాలి. అంటే అక్కడ గ్రహణం సంపూర్ణంగా కనిపించే అవకాశమే లేదు. వాళ్లు రాసింది నిజం కావాలంటే, ఈ ఇరవై ఒక్క శతాబ్దాల్లో భూమి గడియారం మూడు గంటలకు పైగా తేడా పడి ఉండాలి. ఆకాశాన్ని శ్రద్ధగా చూసి, చూసింది చూసినట్టు రాసిపెట్టిన ఆ మనుషులకు మనం ఎంత రుణపడ్డామో!

ఇంకా వెనక్కి వెళ్దామా? 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త సుమారు 38 కోట్ల ఏళ్ల కిందటి పగడాల శిలాజాలను పరిశీలించాడు. పగడం రోజుకో సన్నని గీత చొప్పున పెరుగుతుంది. ఏడాది పెరుగుదలలో ఆయనకు దాదాపు 400 గీతలు కనిపించాయి. ఏడాది పొడవు మారలేదు కాబట్టి, అప్పట్లో రోజుకు 22 గంటలే ఉండేవన్నమాట.

చంద్రుడు మనకు చేస్తున్నదే, మనం అతనికి ఎప్పుడో చేసేశాం. భూమి బరువు అతని కంటే 81 రెట్లు. ఆ లాగుడుకు చంద్రుడి శరీరమే సాగి ఉబ్బింది, ఒకప్పుడు వేగంగా తిరిగిన చంద్రుడు నెమ్మదించి, తన చుట్టూ తిరగడానికీ మన చుట్టూ తిరగడానికీ ఒకే కాలం పట్టేలా కుదురుకున్నాడు. అందుకే మనకు ఎప్పుడూ ఒకే ముఖం కనిపిస్తుంది. చంద్రుడు తిరగడం లేదని దీన్ని చూసి అనుకుంటారు కానీ, తిరగకపోతే అన్ని వైపులూ కనిపించేవి. భూమి కూడా చంద్రుడితో అలా కుదురుకోవాలంటే సుమారు 5,000 కోట్ల ఏళ్లు పడుతుంది. సూర్యుడు మరో 500 కోట్ల ఏళ్లకే ఉబ్బి ఎర్రటి రాక్షస నక్షత్రమవుతాడు. కాబట్టి ఆ దశ రాదు.

సూర్యుడి సంగతి ఇంకా చిత్రం. సౌరకుటుంబం బరువులో 99.8 శాతం ఆయనదే. కోణీయ ద్రవ్యవేగంలో మాత్రం ఆయన వాటా రెండు శాతం కూడా లేదు. గురుడొక్కడి దగ్గరే సగానికి పైగా ఉంది. సూర్యుడు తన చుట్టూ తిరగడానికి మధ్యరేఖ దగ్గర 25 రోజులు తీసుకుంటాడు. అదే కృత్తికల గుంపులో ఉన్న కుర్ర నక్షత్రాలను చూడండి, చాలావాటికి ఒకటి రెండు రోజులు చాలు. 1972లో ఆండ్రూ స్కుమానిచ్ కృత్తికలనూ, రోహిణి పక్కన కనిపించే హైడీస్ గుంపునూ, సూర్యుడినీ పోల్చి ఒక సూత్రం చెప్పాడు: నక్షత్రం వయసు నాలుగు రెట్లయితే తిరిగే వేగం సగమవుతుంది. కారణం సౌరపవనం. సూర్యుడి నుంచి కణాలు నిరంతరం బయటికి పోతుంటాయి. అయస్కాంత క్షేత్రం వాటిని చాలా దూరం వరకు తనతో తిప్పుతుంది. అంత దూరంలో విడిపోయే కొద్దిపాటి పదార్థం కూడా ఎక్కువ తిరుగుడును పట్టుకుపోతుంది. మన ఆదిత్య ఎల్1 కొలుస్తున్న వాటిలో ఈ సౌరపవనం కూడా ఒకటి.

ఇలా తిరుగుడు ఖర్చవడం కళ్లకు కనిపించే చోటు క్రాబ్ నెబ్యులా. 1054లో చైనావాళ్లు చూసి రాసిన సూపర్‌నోవా, అంటే నక్షత్రపు పేలుడు, మిగిల్చిన శేషం అది. దాని మధ్యలో సుమారు 20 కిలోమీటర్ల వెడల్పున్న న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు 30 సార్లు తిరుగుతోంది. పెద్ద నక్షత్రం గర్భం అంత చిన్నగా కుంచించుకుపోతే ఆ వేగం రాక తప్పదు. దాని ఒక్కో చుట్టుకు పట్టే కాలం రోజుకు సుమారు 36 నానోసెకన్ల చొప్పున పెరుగుతోంది. ఆ నెమ్మదింపులో విడుదలయ్యే శక్తి లక్ష సూర్యులకు పైమాటే. ఆ నెబ్యులా వెలగడానికి ఆ శక్తే ఆధారం.

చివరగా మన గడియారాల మాట. భూమి నెమ్మదించడం ఒకే తీరుగా జరగదు. గాలులు, సముద్ర ప్రవాహాలు, లోపలి ద్రవ కేంద్రం, ఇవన్నీ రోజును మిల్లీసెకన్లలో అటూ ఇటూ చేస్తుంటాయి. 2004 డిసెంబర్ 26న మన తీరాన్ని కూడా సునామీతో ముంచిన సుమత్రా భూకంపం, భూమి పదార్థాన్ని కొంచెం లోపలికి జరిపింది. దానివల్ల రోజు 2.68 మైక్రోసెకన్లు తగ్గి ఉంటుందని నాసా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఈ మధ్య భూమి కాస్త వేగం పుంజుకుంది కూడా. 2024 జూలై 5న రోజు 1.66 మిల్లీసెకన్లు తక్కువగా నమోదైంది.

అణు గడియారం భూమి కోసం ఆగదు కాబట్టి, రెండింటికీ పొత్తు కుదిర్చేందుకు 1972 నుంచి 27 సార్లు ఒక్కో అదనపు సెకను, అంటే లీప్ సెకను, కలిపారు. ఆఖరిది మనకు 2017 జనవరి 1 తెల్లవారుజామున వచ్చింది. 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత ఆ రోజు 60వ సెకను కూడా ఉంది. కంప్యూటర్ నెట్‌వర్క్‌లకు ఇది పెద్ద టెన్షన్. అందుకే 2035 లోపు ఈ పద్ధతి మార్చాలని 2022లో దేశాలన్నీ కలిసి నిర్ణయించాయి. ఆ మార్పు వచ్చాక గడియారానికీ భూమికీ మధ్య తేడాను ఒక సెకను దాటి పెరగనిస్తారు.