రంగు ఆఖరికి, వాలిన తీరు ముందు: తూనీగలపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. వానలు పడ్డాయి, చెరువులు నిండాయి, గట్టు మీదికెళ్తే చాలు, తూనీగలే తూనీగలు. వాటిలో ఏది ఏదో గుర్తుపట్టడం ఎలాగో చెప్పడానికి జువాలజీ మాస్టారు మన స్టూడియోలో ఉన్నారు. మాస్టారూ, ముందుగా ఒక్క మాట.

మాస్టారు: ఒక్క మాటే చెప్తాను. రంగు చూసి పేరు పెట్టేయకండి. రంగు వయసుతో మారుతుంది, మగదానికి ఒకటి, ఆడదానికి ఒకటి ఉంటుంది. ముందు వాలిన తీరు చూడండి. రెక్కలు రెండువైపులా పరుచుకుని కూర్చుంటే తూనీగ. వీపు మీదికి దగ్గరగా మూసుకుంటే సూదితూనీగ. తర్వాత కళ్లు. తర్వాత ఎక్కడ కనబడింది, చెరువా, గెడ్డా అంటే వాగా, వరిచేనా. రంగు ఆఖరికి.

వ్యాఖ్యాత: మొదటి కాలర్, మధురవాడ నుంచి.

కాలర్ (మధురవాడ): సార్, ముడసర్లోవ వైపు వాకింగ్‌కి వెళ్తుంటాను. అక్కడ గడ్డి మీద పుల్లలా సన్నగా ఉన్నది ఒకటి వాలింది. రెక్కలు పూర్తిగా మూయలేదు, పూర్తిగా పరచనూ లేదు. దాన్ని ఏమనుకోవాలి?

మాస్టారు: కళ్లు చూశారా?

కాలర్: లేదు సార్, గమనించలేదు.

మాస్టారు: చూడాలండీ. పెద్ద తూనీగల్లో చాలావాటికి రెండు కళ్లూ నడినెత్తిన కలిసిపోయి హెల్మెట్ పెట్టుకున్నట్టు ఉంటాయి. సూదితూనీగకి డంబెల్ గుండ్లలా చెరో పక్కన ఎడంగా ఉంటాయి. మీరు చూసింది సూదితూనీగే అయ్యుంటుంది. వాటిలో స్ప్రెడ్‌వింగ్ అని ఒక కుటుంబం ఉంది, రెక్కలు సగం తెరిచే కూర్చుంటుంది. అలాగే క్లబ్‌టెయిల్ అని పెద్ద తూనీగ ఉంది, ఎండుకొమ్మ చివర వాలుతుంది. దాని కళ్లు ఎడంగానే ఉంటాయి, రెక్కలు మాత్రం పరిచే ఉంటాయి. ఒక్క గుర్తుతో తేల్చకండి అనేది ఇందుకే.

వ్యాఖ్యాత: థాంక్యూ. గాజువాక.

కాలర్ (గాజువాక): మా వీధి మురుగుకాలువ మీద నారింజ రంగు రెక్కలవి బోలెడు ఉంటాయి సార్. అంటే నీళ్లు బాగున్నట్టేనా?

మాస్టారు: కాదండీ. అది డిచ్ జువెల్ అనే తూనీగ. మురికినీళ్లని కూడా తట్టుకుంటుంది. దాన్ని చూసి నీళ్లు శుభ్రమని అనుకోవద్దు.

కాలర్: మరి ఇంకోటి సార్, నీలంగా...

వ్యాఖ్యాత: లైన్లో చాలామంది ఉన్నారండీ, థాంక్యూ. తర్వాత పద్మనాభం.

కాలర్ (పద్మనాభం): మాస్టారూ, దండాలండీ. మాది వరిచేను, పక్కనే గెడ్డ. మా ఆయన మందు కొడదామంటున్నాడు, అదీ అడుగుతాను, ముందు ఇది చెప్పండి. ఎర్రది ఒకటి రోజూ అదే గట్టు మీద, అదే పుల్ల మీద వాలుతుంది. మిరపపండులా ఉంటుంది. పసుపుపచ్చది ఇంకోటి దాని చుట్టూ తిరుగుతుంది. రెండూ వేరువేరా, ఒకటేనా? మా తోటికోడలు వేరే అంటుంది. అన్నట్టు మొన్న కలుపు తీస్తుంటే వరికర్రకి పురుగు ఒకటి అంటుకుని కనబడింది. పట్టుకుంటే లోపల ఏమీ లేదు, వేరుశనక్కాయ తొక్కలా డొల్ల. వీపు చీలిపోయి, అందులోంచి తెల్ల దారాలు వేలాడుతున్నాయి. అది చూసే మా ఆయన తెగులు వచ్చిందని...

మాస్టారు: అమ్మా, అమ్మా, ఆగండి. ఆ డొల్లని పారేయలేదు కదా?

కాలర్: లేదండీ, అగ్గిపెట్టెలో పెట్టాను.

మాస్టారు: చాలా మంచిపని చేశారు. అది తెగులు కాదమ్మా, తూనీగ విడిచిన కుబుసం. తూనీగ పిల్లగా ఉన్నన్నాళ్లూ నీళ్లలోనే బతుకుతుంది, దోమపిల్లల్ని తిని పెరుగుతుంది. రెక్కలు వచ్చే వేళకి కర్ర పట్టుకుని నీళ్లలోంచి పైకెక్కి, వీపు చీల్చుకుని బయటికొస్తుంది. ఆ తెల్ల దారాలు దాని ఊపిరిగొట్టాల లోపలి పొరలు, కుబుసంతో పాటే ఊడివస్తాయి. తోక చివర ఎలా ఉంది? ఆకుల్లాంటివి మూడు ఉన్నాయా?

కాలర్: ఆకుల్లాంటివి లేవండీ. పొట్టి ముళ్లున్నాయి. ఒళ్లు బొద్దుగా ఉంది.

మాస్టారు: అయితే పెద్ద తూనీగదే. సూదితూనీగ పిల్ల సన్నగా ఉంటుంది, తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలుంటాయి.

కాలర్: అలాగా! మరి ఎర్రదీ పచ్చదీ...

మాస్టారు: వస్తున్నాను. ఎర్రదాని తోక మీద పొడుగునా సన్నటి నల్లగీత ఉందా?

కాలర్: అంత దగ్గరగా చూడలేదండీ.

మాస్టారు: రేపు చూడండి. తొందరపడి మీదికి వెళ్లొద్దు, మీ నీడ దాని మీద పడనివ్వొద్దు. ఎగిరినా కంగారుపడకండి, కాసేపు కదలకుండా నిలబడితే మళ్లీ అదే పుల్ల మీదికి వస్తుంది. గీత ఉంటే అది స్కార్లెట్ స్కిమ్మర్ మగది అనుకోవచ్చు. పచ్చదానికీ అదే గీత ఉంటే ఆడది. వయసుకి రాని మగది కూడా పచ్చగానే ఉంటుంది. రంగు ఆఖరికి అని నేను పదేపదే చెప్పేది అందుకే.

కాలర్: అంటే రెండూ ఒకటేనా, వేరువేరా మాస్టారూ?

మాస్టారు: గీత రెండింటికీ ఉంటే ఒకటే జాతమ్మా. మొగుడూ పెళ్లాలూ అనుకోండి.

కాలర్: ఇప్పుడు అర్థమైంది. మరి మందు?

మాస్టారు: ఈ డొల్లని చూసి మాత్రం కొట్టకండి. వరి రసం పీల్చే సుడిదోమని తినేవాటిలో సూదితూనీగలు కూడా ఉన్నాయి. బియ్యపుగింజంత తలతో దుబ్బుల మధ్యలో తిరుగుతూ ఏరుకుని తింటాయి. మందు కొడితే అవీ పోతాయి. దుబ్బు మొదట్లో సుడిదోమ ఎంతుందో లెక్క చూసుకుని, వ్యవసాయ శాఖ వాళ్లని అడిగాకే ఏదైనా చెయ్యండి. ఆ అగ్గిపెట్టె జాగ్రత్త.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. పెందుర్తి నుంచి ఒక బాబు.

కాలర్ (పెందుర్తి): సార్, నేను ఆరో తరగతి. తూనీగ కుడుతుందా?

మాస్టారు: కుట్టదు నాన్నా, దానికి కొండి లేదు. గట్టిగా పట్టుకుంటే కొరకొచ్చు, దానితో ప్రమాదమేమీ లేదు. నువ్వు దారం కట్టావా?

కాలర్: ...ఒకసారి సార్.

మాస్టారు: ఇక కట్టకు. తోక అంటాం కానీ అది దాని పొట్ట. తిన్నది అరిగేది అందులోనే, ఊపిరి ఆడేదీ అందులోనే. నీ పొట్టకి తాడు బిగించి గాలిపటంలా ఎగరేస్తే ఎలా ఉంటుంది? చూడాలంటే ఫోన్‌తో ఫొటో తియ్యి. పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి. చెరువు దగ్గరికి పెద్దవాళ్లతోనే వెళ్లు, గట్టు జారుతుంది.

కాలర్: సరే సార్. ఇంక కట్టను.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. భీమిలి, చెప్పండి.

కాలర్ (భీమిలి): సాయంత్రం బీచ్ పక్క మైదానంలో వందల కొద్దీ ఎగురుతున్నాయి సార్, ఒక్కటీ వాలదు. లేత బంగారు రంగు.

మాస్టారు: వాండరింగ్ గ్లైడర్ కావచ్చు. అది వాలడమే అరుదు, వాలితే కొమ్మకి నిలువుగా వేలాడుతుంది. వానగుంటల్లో గుడ్లు పెడుతుంది, ఆ గుంట ఎండిపోయేలోపే పిల్ల రెక్కలు తెచ్చుకుంటుంది. నాలుగున్నర సెంటీమీటర్ల ప్రాణి అండీ. మాల్దీవుల్లో ఏటా అక్టోబరులో ఇవి గుంపులుగా దిగడం చూసి, ఇండియా నుంచి గాలివాలున సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్తున్నాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశారు. రేపు మళ్లీ వెళ్లి చూడండి, ఏ దిక్కుకి...

వ్యాఖ్యాత: మాస్టారూ, వార్తల సమయమైంది. ధన్యవాదాలు. లైన్లో ఉండిపోయినవాళ్లు ఏమీ అనుకోవద్దు.